బ్యాంకులో మిగిలిన చూపులు

మార్చి 4

అక్క ఇవాళ కూడా బాగా నటించింది. పోయి ఆరు వారాలైంది.

ఇంతకాలం సీరియళ్ళు ఊళ్ళో వాళ్ళందరి కోసం రాశాను. ఇది ఎవరి కోసమూ కాదు. దీని చివర ఎవరూ ఉలిక్కిపడక్కర్లేదు, బ్రేక్ తరవాత తిరిగి రానక్కర్లేదు. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాసుకోవచ్చు.

పొద్దున్నుంచీ ఎడిటింగ్ రూమ్‌లో కత్తెర పక్కన కూర్చున్నాను. కత్తెర అంటే మా ఎడిటర్. అసలు పేరు పెట్టి పిలిస్తే తల కూడా తిప్పడు. ఇవాళ్టి సీన్‌లో, మాట పడిపోయిన పెద్దకూతురి ముందు కూర్చుని తల్లి తన కొడుకు మీద చాడీలు చెబుతుంది. కూతురు వింటుంది. అంతే. తల్లి వేషం వేసే పెద్దావిడ నిజానికి మాట్లాడింది ఖాళీ కుర్చీతో. వినే మొహం బ్యాంకులోంచి వచ్చింది.

ప్రతి డైలీ సీరియల్‌కీ ఒక బ్యాంకు ఉంటుంది. ఆర్టిస్టుకి పని లేని పూట కెమెరా ముందు నిలబెట్టి, ఎడమకి చూడమ్మా, కుడికి చూడు, ఉలిక్కిపడు, కళ్ళల్లో నీళ్ళు పెట్టు, చిన్నగా నవ్వు, తలుపు వైపు చూడు అంటూ వరసగా తీసి దాచుకుంటాం. తరవాత ఎక్కడ అతుకు కావాలంటే అక్కడ వేస్తాం. అక్కకి ఆ పనంటే ఒళ్ళు మంట. గోడని చూసి ఏడవడానికి నేనేమన్నా పిచ్చిదాన్నా అని నన్ను తిట్టేది. తిడుతూనే ఏడ్చేది, ఒక్క టేకులో.

ఆ గోడ ఇప్పుడు పెద్దావిడ అయింది, తమ్ముడయ్యాడు, డాక్టరయ్యాడు. ఎవరు ఏం చెప్పినా అక్క వింటోంది. అతుకు ఎక్కడా కనిపించట్లేదు. అదే నాకు భయంగా ఉంది.

మార్చి 6

అమ్మకి తెలీదు. ఇదంతా అందుకే.

అమ్మకి గుండె ఆపరేషన్ అయి ఐసీయూలో ఉన్న వారంలోనే అక్క పోయింది. వేరే సినిమా అవుట్‌డోర్‌లో, మేకప్ కుర్చీలో. అంబులెన్సు వచ్చేసరికే అంతా అయిపోయింది. ఇక్కడేమో డాక్టరు, ఆరు నెలలదాకా ఈవిడ చెవిన చెడ్డమాట పడనివ్వకండి, ఏ చిన్న షాక్ తగిలినా మనిషి దక్కదు అన్నాడు. ఆస్పత్రి వరండాలో కాఫీ మిషన్ పక్కన నిలబడి బావా నేనూ మాట్లాడుకున్నాం. వద్దు, చెప్పేద్దాం అన్నాడు బావ. భార్య పోయిన మనిషి అతను. అయినా నేనే గెలిచాను. కథ అల్లడం నా వృత్తి కదా.

సెట్టు దూరం ఊరికి మారిందన్నాను. గొంతులో ఏదో వచ్చింది, డాక్టరు మాట్లాడొద్దన్నాడు, ఫోన్ కూడా వద్దన్నాడు అన్నాను. అది నమ్మించడానికి సీరియల్లో పెద్దకూతురికి మాట పోగొట్టాను. ఇంట్లో అబద్ధానికి సీరియల్ సాక్ష్యం, సీరియల్లో అబద్ధానికి ఇల్లు కారణం. అక్క పెద్ద స్టారేం కాదు, పేపర్లో వేలెడంత వార్త వచ్చింది. ఆ రోజు పేపరు అమ్మదాకా పోనివ్వలేదు. చుట్టాల నోళ్ళకి తాళాలు నేనే స్వయంగా వేసి వచ్చాను.

అమ్మ రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి టీవీ ముందు కూర్చుంటుంది. అక్క కనపడగానే, చిక్కిపోయింది, తిండి సరిగ్గా పెడుతున్నారా అని నన్నడుగుతుంది. ఇవాళ మాత్రం, గొంతు రాకపోతే మానె, మనిషి రావచ్చుగా అంది. షెడ్యూల్ టైట్ అన్నాను. నీ షెడ్యూల్ తగలెయ్య అంది.

మార్చి 11

చానెల్‌లో మీటింగ్. చానెల్ మేడమ్ నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్నది, నన్ను అక్కా అని పిలుస్తుంది. ఆ పిలుపు విన్న ప్రతిసారీ ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూస్తున్నాను.

రేటింగ్ పెరిగిందట. సైలెన్స్ వర్క్ అవుతోంది అక్కా, ఆవిడ మాట్లాడినప్పటికంటే ఇప్పుడే ఆడియన్స్ కనెక్ట్ అవుతున్నారు అంది. చచ్చిపోయాక బాగా నటిస్తోందని చెప్పడానికి ఎంత మర్యాద.

కానీ ఎన్నాళ్ళిలా, రీప్లేస్‌మెంట్ పెట్టేద్దాం అంది. కొత్త మొహం వస్తుంది, కింద ఒక కార్డు వేస్తారు, వారంలో జనం మర్చిపోతారు. ఒప్పుకోనన్నాను. అలాగైతే కంప్యూటర్లో మొహం చేయించొచ్చు, నవ్వమంటే నవ్వుతుంది, మాట్లాడమంటే మాట్లాడుతుంది, ఫ్యామిలీ నుంచి ఒక సంతకం చాలు అంది. నేనే ఫ్యామిలీని అన్నాను. తనకి తెలీదు పాపం. అక్కా నేనూ సొంత అక్కచెల్లెళ్ళమని బయట చెప్పుకోలేదెప్పుడూ. చెల్లెలు ప్రొడ్యూసర్ కాబట్టి వేషాలు అని ఎవరన్నా అంటారేమోనని అక్క పట్టుదల.

తెల్లబోయింది. సారీ చెప్పింది. పావుగంట తరవాత మళ్ళీ కంప్యూటర్ మాటే ఎత్తింది.

మార్చి 12

సంతకం పెడదామని ఒక్క నిమిషం అనిపించింది. ఒక్క నిమిషమే. అమ్మకి ఫోన్లో మాట్లాడే అక్కని కొనివ్వొచ్చు కదా అనిపించింది.

మార్చి 17

ఎడిటింగ్‌లో కత్తెర ఎప్పుడూ బ్యాంకు షాట్ల సౌండ్ తీసేసి వేస్తాడు. ఇవాళ మర్చిపోయాడు.

అక్క ఎడమకి చూస్తోంది. కట్ అన్నారు. అక్క మొహంలోంచి ఆ దుఃఖం దిగిపోయింది, ముక్కు గోక్కుంది. అమ్మ ఫోన్ చేసిందా అని అడిగింది. గది నిండా ఆ గొంతు. లేదు, నువ్వు కుడికి చూడు అని ఎవరో విసుక్కున్నారు. ఆ విసుగు నాదే.

కత్తెర గబుక్కున సౌండ్ ఆపేశాడు. సారీ మేడమ్, సారీ అని పదిసార్లు అన్నాడు. నేను బయటికి వెళ్ళి టీ తాగి వచ్చాను. టీ తాగానో లేదో నిజానికి గుర్తులేదు, చేతిలో కప్పు ఉంది.

బావకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన అది విన్నాడు. తరవాత తన సంగతి చెప్పాడు. అక్క ఫోన్ ఇంకా చార్జింగ్‌లో పెట్టి ఉంచుతున్నాడట. ఆపేస్తే అమ్మ కంగారుపడుతుందని. అమ్మ రోజూ రాత్రి సీరియల్ కాగానే రింగ్ ఇస్తుందట, అక్క ఎత్తకపోయినా నీ నంబరు చూసుకుంటుందిలే అని అమ్మకి నేనే చెప్పాను కదా. పూర్తిగా మోగి ఆగేదాకా బావ దాని పక్కన కూర్చుంటాడట. రేపు పొద్దున నీకూ నాకూ పిచ్చెక్కితే అమ్మని ఎవరు చూస్తారు అన్నాడు.

మార్చి 20

రాసుకోడానికి కూడా సిగ్గుగా ఉంది.

పెద్దావిడకి డైలాగులు రాస్తున్నాను. నా మీద కోపంగా ఉందా తల్లీ, అని ఒక లైను వచ్చింది. కథకి ఆ లైను అవసరం లేదు. కత్తెర దాని తరవాత వరసలో ఉన్న షాట్ వేశాడు. అక్క తల పక్కకి తిప్పుకుంది.

ఇంకో షాట్ వెయ్యమన్నాను. అందులో అక్క కళ్ళు దించుకుంది. ఇంకోటి. అదీ అంతే. వద్దులే, మొదటిదే ఉంచు అన్నాను.

మార్చి 23

బ్యాంకు అయిపోవచ్చింది. ఎప్పుడో ఒకప్పుడు అవుతుందని తెలుసు, కానీ ఇంత తొందరగానా. వాడిన చూపునే మళ్ళీ వాడితే జనం పట్టేస్తారు, మీమ్స్ చేసి పెడతారు.

కత్తెర ఒక ఉపాయం చెప్పాడు. షాట్‌ని అటూ ఇటూ తిప్పేస్తే, ఎడమకి చూసిన మనిషి కుడికి చూస్తుంది, కొత్త షాట్ అయిపోతుంది. ఫ్లాప్ చేస్తాం మేడమ్, ఎవడు చూస్తాడండీ అన్నాడు. వేసి చూపించాడు. బాగానే ఉంది. కొత్తగా ఉంది కూడా. అంటే ఉన్న బ్యాంకు రెట్టింపయిందన్నమాట. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇద్దరం చేతులు కలుపుకున్నాం, లాటరీ తగిలినట్టు.

మార్చి 27, రాత్రి 9.10

అమ్మ ఇంట్లోంచే రాస్తున్నాను, వంటగదిలో నిలబడి.

తిప్పిన షాట్ ఇవాళ వచ్చింది. అక్క కుడికి చూసింది. అమ్మ ముందుకి వంగింది. మళ్ళీ వచ్చింది. అమ్మ రిమోట్ కోసం తడుముకుంది, ఆపడానికేమో, ఆపడం రాక వదిలేసింది.

దాని పుట్టుమచ్చ ఈ చెంపకి ఎలా వచ్చింది అని అడిగింది.

అది ఉండాల్సింది రెండో వైపు. ఎడమ చెంప మీద, కంటి కింద, ఆవగింజంత. చిన్నప్పుడు అద్దంలో చూసుకుని గిల్లుకునేది. దాని పక్కన పడుకుని పెరిగినదాన్ని. ఎడిటింగ్ రూమ్‌లో అంత పెద్ద తెర మీద చూసినదాన్ని. నాకు తట్టలేదు.

మేకప్‌లో పొరపాటు అన్నాను. సీన్‌కి సీన్‌కి మేకప్ మారుతుంది కదమ్మా అన్నాను.

ఆ మచ్చ మేకప్‌వాడు పెట్టింది కాదే, నేను కన్నది, అంది అమ్మ.

మాత్రలు వేసుకుంది. పడుకుంటానంది. నాడి చూశాను, మామూలుగానే ఉంది.

మార్చి 28

బావ ఫోన్ చేశాడు. నిన్న రాత్రి అక్క ఫోన్ మోగలేదట.

ఏప్రిల్ 2

ఇవాళ కూడా మోగలేదు.

అమ్మ అడగడం మానేసింది. తిన్నదా అని గాని, ఎప్పుడొస్తుంది అని గాని లేదు. సీరియల్ మాత్రం చూస్తుంది, కళ్ళజోడు తుడుచుకుని మరీ. నేను పక్కన కూర్చుని టీవీ చూడను, అమ్మనే చూస్తాను. అడిగితే బయటపడుతుంది, అడగకపోతే అమ్మ లోపల్లోపల ఏమైపోతోందో తెలీదు. డాక్టరుకి ఫోన్ చేసి, అనుమానం కూడా షాకేనా అని అడిగాను. ఆయన నన్ను బీపీ చూపించుకోమన్నాడు.

అమ్మ దగ్గర ఉండే నర్సమ్మ ఒక సంగతి చెప్పింది. పొద్దున్న అమ్మ బాత్‌రూమ్ అద్దం ముందు చాలాసేపు నిలబడి, ఒక చెంప మీద వేలు పెట్టుకుని, అద్దంలో అది ఎటు కనిపిస్తోందో చూసుకుందట.

ఏప్రిల్ 3

నా మొదటి స్క్రిప్టు గుర్తొస్తోంది ఎందుకో.

ఒక పెద్ద రచయిత దగ్గర అసిస్టెంట్‌గా ఉండేదాన్ని. అంటే ఆయన నిద్రపోతే నేను రాసేదాన్ని, ఆయన లేచాక పేరు వేసుకునేవాడు. తరవాత నా పేరుతో ఒక సినిమా వచ్చింది, శుక్రవారం విడుదలై సోమవారానికి మాయమైంది. పోస్టర్ మీద పేరు చూసుకుందామని నేను వెళ్ళేసరికి దాని మీద ఇంకో పోస్టర్ అంటించేశారు. ఇంటికొచ్చి ఇక రాయనని మంచమెక్కాను. అక్క వచ్చి దుప్పటి లాగేసి, సినిమా పోతే టీవీ లేదూ, లే, అంది. అమ్మ హాల్లోనే సోఫాలు జరిపి పైలట్ ఎపిసోడ్ తీశాం. తీసుకోడానికి ఎవరూ దొరకలేదు కాబట్టి అక్కే హీరోయిన్. అప్పటిదాకా ఆవిడకి నటన రాదు. అదే అంటే, నీకు రాయడం మాత్రం వచ్చా అని అడిగింది.

ఆ తరవాత నేను రాసిన ప్రతి లైనూ మొదట అక్క నోట్లోంచి విన్నాను. పైకి చదివేది. నోరు తిరక్కపోతే తిట్టేది. అమ్మ వంటింట్లోంచి, మనుషులు ఇలా మాట్లాడరే అని అరిచేది. ప్రొడ్యూసర్ని అయ్యాక, అవార్డులొచ్చాక కూడా అదే మాట.

పని అయ్యాక అక్క తన ఇంటికి బయల్దేరేది. మెట్ల దగ్గర నిలబడి, అమ్మా తలుపేసుకో, అని కేకేసేది. గడియ చప్పుడు వినిపించేదాకా ఒక్క మెట్టు కూడా దిగేది కాదు. దొంగలెవరొస్తారే అని అమ్మ విసుక్కుంటూ వచ్చి గడియ పెట్టేది. అప్పుడు దిగేది.

ఆరు వారాలు దాటి రెండు నెలలైంది, ఇప్పుడు నేను రాసేది ఎవరూ పైకి చదవట్లేదు.

ఏప్రిల్ 5

తిప్పిన షాట్లు వాడొద్దని కత్తెరకి చెప్పాను. ఎందుకని అడగలేదు. తను కూడా మచ్చ చూసినట్టున్నాడు.

ఏప్రిల్ 9, రాత్రి

చెప్పేశాను. కాదు, అమ్మే చెప్పింది.

వెళ్ళేసరికి నర్సమ్మని ఏదో తెమ్మని బయటికి పంపించేసి ఉంది. టీవీ పెట్టలేదు. కూర్చో అంది. కూర్చున్నాను. అది ఎప్పుడు పోయింది అని అడిగింది. పాలవాడు ఎప్పుడొచ్చాడు అని అడిగినట్టే అడిగింది.

ఎవరమ్మా అన్నాను. నాకు కథలు చెప్పకు, నీ కథలు పాతికేళ్ళ నుంచి చూస్తున్నాను అంది.

చెప్పాను. చెబుతూ అమ్మ మణికట్టు పట్టుకున్నాను, నాడి కోసం. చెయ్యి విదిలించుకుంది. నా గుండె సంగతి తరవాత, ముందు చెప్పు అంది. మేకప్ కుర్చీ అని చెప్పాను. ఒక్కతే ఉందా అని అడిగింది. లేదమ్మా, మేకప్ ఆవిడ జుట్టు దువ్వుతోందట, ఏదో జోక్ వేసి నవ్విందట, చెయ్యి పట్టుకునే ఉందట ఆవిడ చివరిదాకా అన్నాను. అది నిజం. ఆ పూట తిన్నదా అని అడిగింది. అది మాత్రం నాకు తెలీదు. ఇన్నాళ్ళలో ఎవరినీ అడగాలని తోచలేదు. తినే ఉంటుందన్నాను.

అమ్మ కిటికీ వైపు తిరిగింది. పెదవులు మాత్రం కదిలాయి. నేను ఆస్పత్రి నంబరు మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను, అమ్మా అమ్మా అనుకుంటూ.

తరవాత అంది: మచ్చ అటు ఉంటే, అద్దంలో చూసినట్టుంది నాకు. అద్దంలో కనిపించే మనిషి అక్కడ ఉండదు కదా. ఆ రాత్రే తెలిసిపోయింది. కానీ నువ్వింత కష్టపడి రాస్తున్నావు, నీకు చెబితే ఎక్కడ కూలిపోతావో అని ఊరుకున్నాను.

నేను కూలిపోతానని! ఇక్కడ నేను ఈవిడ గుండె కాపాడుతున్నాననుకుంటుంటే!

నువ్వు ఎప్పుడు ఏడిచావే దాని కోసం అని అడిగింది. ఏడవలేదమ్మా, ఎపిసోడ్లున్నాయి అన్నాను. అది నా నోట్లోంచి వచ్చాక గాని అదెంత దిక్కుమాలిన మాటో నాకు తెలియలేదు. అమ్మ నా తల తన ఒళ్ళో పెట్టుకుంది. ఆపరేషన్ మచ్చ నొప్పిపుడుతుందేమో అన్నాను. నోర్మూసుకో అంది. అప్పుడు ఏడిచాను. నర్సమ్మ తిరిగొచ్చి భయపడి మళ్ళీ బయటికి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 10

అమ్మ బతికే ఉంది. పొద్దున లేవగానే అదే చూశాను. కాఫీలో పంచదార తక్కువైందని నర్సమ్మ మీద ఎగురుతోంది.

బావని రమ్మంది. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని కూర్చున్నారు. నేను బాల్కనీలోకి వెళ్ళిపోయాను.

సాయంత్రం నన్ను పిలిచి, దాన్ని ఎన్నాళ్ళు నిలబెడతావే అలా, కూర్చోడానికి కూడా లేకుండా, పంపించెయ్ అంది. సీరియల్ సంగతి. రాస్తాలే అన్నాను. నువ్వు రాయకు అంది. ఇన్నేళ్ళలో ఆ తల్లికి మనుషులు మాట్లాడే మాట ఒక్కటి రాశావా, నేను చెబుతా, రాసుకో అంది.

రాసుకున్నాను. స్కూల్లో డిక్టేషన్ రాసినట్టు తలొంచుకుని రాశాను. మధ్యలో ఒక పదం బాగా లేదని మార్చబోతే, చెప్పింది రాయి అని గదిమింది. ఇవీ ఆ మాటలు:

ఎంతసేపని నిలబడతావు తల్లీ. కాళ్ళు లాగుతాయి. నా మాత్రలు నేను వేసుకుంటాను. చెల్లెల్ని నేను చూసుకుంటాను, దానికి నోరే గాని ఏమీ చేతకాదు. నీ మీద నాకేం కోపం లేదు. నువ్వు వెళ్ళు. తలుపు నేను వేసుకుంటాను.

అంతే, ఇక ఏడుపులు పెట్టకు, మ్యూజిక్ మోగించకు, అంది.

ఏప్రిల్ 14

చానెల్‌లో యుద్ధం. పెద్దకూతురు ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది, చావు లేదు అన్నాను. మేడమ్ తల పట్టుకుంది. అక్కా, డెత్ ట్రాక్ మూడు వారాలు లాగొచ్చు, శవం, ఏడుపులు, ఆస్తి, అనుమానం, ఈ స్లాట్‌కి ఇంతకన్నా పెద్ద హై పాయింట్ ఏముంది అంది. మా అక్క చావుని రెండున్నర నెలలు దాచాను, దాన్ని ఇప్పుడు మూడు వారాలు అమ్మను అన్నాను. అలాగైతే స్లాట్ మధ్యాహ్నానికి మారుస్తామంది. మార్చుకోండి, మధ్యాహ్నం చూసేవాళ్ళు మనుషులు కారా అన్నాను.

లిఫ్ట్ ఎక్కకుండా మెట్లు దిగి వచ్చాను. ఎనిమిదిన్నర స్లాట్ కోసం పదేళ్ళు ఆ మెట్లెక్కాను.

ఏప్రిల్ 18

తీశాం. పెద్దావిడ కాగితం చేతిలోకి తీసుకుని, ఇది నువ్వు రాసింది కాదు అంది. ఎలా తెలిసిందన్నాను. నోట్లో పెట్టుకుంటే తెలీదా అంది.

ఖాళీ కుర్చీ తీయించేసి, గుమ్మం వైపు చూసి చెప్పమన్నాను. మామూలుగా కళ్ళ కింద గ్లిజరిన్ అడుగుతుంది. ఇవాళ అడగలేదు. తలుపు నేను వేసుకుంటాను అన్నాక కట్ చెప్పాలి. నేను గుమ్మం వైపే చూస్తూ ఉండిపోయాను. కెమెరామన్ తనే ఆపాడు.

ఏప్రిల్ 19

ఆ మాటల తరవాత అక్క చూపు ఒకటి కావాలి. ఒక్కటే. బ్యాంకులో వాడనిది ఏమీ లేదు. కత్తెరా నేనూ పొద్దున్నుంచీ వెతికాం.

చివరికి తోకల్లో వెతికాడు. షాట్ అయిపోయి కట్ అన్నాక కూడా కెమెరా కాసేపు తిరుగుతూనే ఉంటుంది, ఆ చెత్త. ఒకదానిలో దొరికింది. అక్క చిన్న నవ్వు నవ్వింది, కట్ అన్నారు, మొహం మామూలైంది. తరవాత సెట్టు తలుపు వైపు తిరిగింది. ఆ తలుపు ఎవరో తీసినట్టున్నారు, మొహం మీద వెలుతురు పడింది. అక్క చూసింది. తెలిసినవాళ్ళు వస్తే చూసే చూపు. వస్తున్నా, ఉండు అన్నట్టు తలూపింది.

ఆ రోజు ఎవరొచ్చారు మేడమ్ అని అడిగాడు కత్తెర. రికార్డింగ్ జరిగేటప్పుడు బయట ఎర్ర దీపం వెలుగుతుంది, ఆ తలుపు ఎవరూ తీయరు. తీస్తే నేను చంపేస్తానని అందరికీ తెలుసు. సౌండ్ పెట్టమన్నాను. పెట్టాడు. ఏమీ వినబడలేదు, ఫ్యాన్ చప్పుడు తప్ప.

మచ్చ ఎడమ చెంప మీదే ఉంది. చూసుకున్నాను.

ఏప్రిల్ 25, రాత్రి 9

ముగ్గురం కలిసి చూశాం. అమ్మ మధ్యలో, బావ ఒక పక్క, నేను ఒక పక్క. నర్సమ్మ వెనక నిలబడింది.

పెద్దావిడ మాట్లాడుతుంటే అమ్మ పెదవులు కూడా కదిలాయి. ఒక్క పదం ముందే. తలుపు నేను వేసుకుంటాను. అక్క తల తిప్పింది. వెలుతురు. తలూపింది. మ్యూజిక్ పెట్టలేదు, అమ్మ చెప్పినట్టే.

ఇది నటించట్లేదు అంది అమ్మ.

అవునన్నాను.

బావ అక్క ఫోన్ జేబులోంచి తీసి అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. యాడ్స్ వస్తున్నా ఎవరమూ టీవీ ఆపలేదు.

ఏప్రిల్ 26

పొద్దున్నే అమ్మ ఇంటికి వెళ్ళాను. తలుపు వారగా తీసి ఉంది. రాత్రంతా గడియ పెట్టనివ్వలేదని నర్సమ్మ గోల. అమ్మ మీద అరిచాను. దొంగలొస్తే అన్నాను. తలుపు నేను వేసుకుంటానని చెప్పలేదూ మరి అన్నాను.

వేసుకుంటానన్నాను గాని, ఎప్పుడో చెప్పానా అంది అమ్మ.

వచ్చేటప్పుడు మెట్ల దగ్గర నిలబడ్డాను. గడియ చప్పుడు కాలేదు. ఒక పక్కకి జరిగి, కాస్త చోటు వదిలి, మెల్లగా దిగాను.